చిన్న బండి కొనేముందు బరువు లెక్క చూసుకో

చి. అల్లుడికి,

మూసారాంబాగ్ నుంచి మామయ్య ఆశీస్సులు. మీ ఫైర్ స్టేషన్‌కి రెండు చిన్న బండ్లు ఇస్తారని, ఎలాంటివి అడగాలో చెప్పమని రాశావు. చాలా సంతోషం. నాలుగున్నర వేల లీటర్లతో బయల్దేరిన పెద్ద బండి ఊరి మొదట్లో, కిందికి వేలాడే కరెంటు తీగ దగ్గరే ఆగిపోతే లోపల గడ్డివాము బూడిదైపోతుంది. ఆ గడ్డి రైతుకి ఏడాది మేత. అందుకని చిన్న బండి కావాల్సిందే. కాకపోతే దాన్ని చిన్న ఫైరింజన్ అనుకోకు. అందరికంటే ముందు చేరుకోవడం, పక్కింటికి అంటుకోకుండా చూడటం, పెద్ద బండి వచ్చేదాకా మంటను అదుపులో పెట్టడం, ఇదే దాని పని.

ట్యాంకు ఎన్ని లీటర్లని అందరూ ముందు అడుగుతారు. నువ్వు అది ఆఖర్న అడుగు. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఉదాహరణకి పికప్ 1,300 కిలోలు మోస్తుందనుకో. బూట్లు, హెల్మెట్లతో నలుగురు మనుషులు 350. పంపు 100. హోసులు, నిచ్చెన, గడ్డపారలు, కొక్కేలు 150. ట్యాంకు, ఇనప బాడీ కలిపి 250. ఇక మిగిలేది 450 కిలోలే. నేనైతే 400 లీటర్ల దగ్గర ఆపేస్తాను. బాడీ కట్టేవాళ్లు ‘ఎనిమిది వందలు పట్టిస్తాం సార్’ అంటారు. పట్టించడం కష్టం కాదు, మలుపులో ఆ బండిని బ్రేకు ఆపగలగాలి. ట్యాంకు లోపల అడ్డుపలకలు తప్పకుండా వేయించు. నిండు ట్యాంకు కన్నా సగం ట్యాంకే ప్రమాదం, నీళ్లు ఒక పక్కకి ఒరిగాయంటే బండినీ లాగేస్తాయి.

400 లీటర్లు ఏం సరిపోతాయని నీకు టెన్షన్ రావచ్చు. ఎలా వాడతామన్నదాన్ని బట్టి ఉంటుంది బిడ్డా. మన 63 మిల్లీమీటర్ల హోసు 15 మీటర్ల ముక్క ఒక్కటి నిండటానికే దాదాపు 47 లీటర్లు పోతాయి. ఐదు ముక్కలు కలిపావంటే మంట మీద చుక్క పడకముందే సగానికి పైగా నీళ్లు పైపులోనే ఉండిపోతాయి. నిమిషానికి 275 లీటర్లు తోడే పంపు పూర్తిగా వదిలితే నిమిషన్నరలో ట్యాంకు ఖాళీ. అదే సన్నటి హోస్ రీల్‌కి నీళ్లని సన్నటి తుంపరలా చల్లుతూ నిమిషానికి 30 లీటర్లు తీసుకునే మిస్ట్ గన్ పెడితే పదమూడు నిమిషాలు వస్తుంది. గడ్డివాము పైపైన తడిస్తే మంట ఆరదు, లోపల రాజుకుంటూనే ఉంటుంది. కొక్కేలతో లాగి విడదీస్తూ తడపాలి. కాబట్టి ఇంకో వంద లీటర్ల కోసం పేచీ పెట్టకుండా కొక్కేలు, నీళ్లలో కలిపే ఫోమ్ డబ్బాలు ఎక్కువ అడుగు.

నీళ్లు మళ్లీ నింపుకోవడం గురించి ఎవరూ ఆలోచించరు. ఎంత గొప్ప పంపైనా పైన పెట్టి పీలిస్తే ఏడు మీటర్ల లోతు దాకే నీళ్లు అందుతాయి. ఎండాకాలం మన వ్యవసాయ బావుల్లో నీళ్లు అంతకంటే కిందనే ఉంటాయి. కాబట్టి బావి ఉంది కదా అని ధీమా పెట్టుకోకు. నీకు దిక్కు రైతు బోరే. బోరు పైపు మన హోసు కప్లింగ్‌కి బిగించే అడాప్టర్లు రెండు మూడు సైజుల్లో చేయించి బండిలో పెట్టు. వేసవి రాకముందే ఏ ఊళ్లో ఏ బోరు రోడ్డు పక్కన ఉందో, ఆ రైతు ఫోన్ నంబరుతో సహా రాసి పెట్టుకో.

ఫోర్ వీల్ డ్రైవ్ మీది నల్లరేగడి అయితేనే అడుగు. ఎర్రనేలలో కింద ఎత్తు బాగున్న మామూలు పికప్ చాలు, మిగిలిన డబ్బుతో మంచి పంపు వస్తుంది. మిస్ట్ గన్ బిగించిన బైకులు బేగంబజార్ సందులకి బాగానే పనికొస్తాయి కానీ గడ్డివాముకి ఆ నీళ్లు ఏ మూలకి? రెండు బండ్లూ ఒకే మోడల్ తీసుకో, మీ మండలంలో మెకానిక్‌కి చేయి తిరిగినదైతే ఇంకా మంచిది. బండి, ట్యాంకు, మనుషులు కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు దాటదు కనుక డ్రైవర్‌కి హెవీ లైసెన్సు అక్కర్లేదు, మనుషుల కొరత ఉన్న స్టేషన్‌కి అది పెద్ద సాయం.

బాడీ ఇక్కడ ఆటోనగర్‌లో కట్టిస్తే నాకు ముందే చెప్పు, నేనూ వస్తాను. నీళ్లు నింపి, సామాను సర్ది, నలుగుర్నీ కూర్చోబెట్టి వేబ్రిడ్జి ఎక్కించు. ముందు చక్రాల బరువు, వెనక చక్రాల బరువు విడివిడిగా తూయించు. ఆ చీటీ చూశాకే డెలివరీ కాగితం మీద సంతకం పెట్టు.

ఇట్లు,
మీ మామయ్య