కేదార్‌నాథ్‌కు మెలటోనిన్ డబ్బా

ప్రశ్న: మాది ఆదోని. వచ్చే నెల మా వీధివాళ్లతో కలిసి కేదార్‌నాథ్, బదరీనాథ్ పోతున్నాం. నాకు 58, మా ఆయనకు 63. ఆయనకు బీపీ ఉంది. నిద్ర పట్టక ఏళ్లుగా రాత్రిపూట అల్‌ప్రాజోలం సగం మాత్ర వేసుకుంటారు. పోయినేడు పోయొచ్చిన పక్కింటామె, కేదార్‌లో వాళ్లాయనకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చిందని, తాను తెల్లార్లూ కూచునే ఉన్నానని చెప్పింది. అది విని మా అబ్బాయి మెలటోనిన్ 10 మిల్లీగ్రాముల డబ్బా పంపినాడు. వేసుకుంటే కొండమీద నిద్ర పడుతుందా? ఊపిరికి ఇబ్బందా? తల మొద్దుబారుతుందా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: డబ్బా ఇంట్లోనే పెట్టి పోండమ్మా. అది విషమేమీ కాదు. అక్కడి బాధకు అది మందు కాదు, అంతే.

మెలటోనిన్ అంటే చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి వదిలే హార్మోను. రాత్రయిందని ఒంటికి కబురు చెప్పడం దాని పని. అమెరికా నుంచి దిగినవాళ్లు పగలు పడుకుని అర్ధరాత్రి కళ్లు తెరుచుకుని కూచుంటారే, వాళ్లకు పనికొస్తుంది. కేదార్‌లో మీ రాత్రీపగలూ ఏమీ తారుమారు కావు. తప్పేది ఊపిరి లెక్క.

కర్నూలు 300 మీటర్ల ఎత్తు కూడా లేదు, కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే, అందే ఆక్సిజనూ అంతే. అది చాలక ఒళ్లు ఊపిరి ఎక్కువ తీస్తుంది. దాంతో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. నిద్రలో ఊపిరి తీయమని మెదడును తట్టేది ముఖ్యంగా ఆ కార్బన్ డయాక్సైడే. అది తగ్గేసరికి మెదడు పది పదిహేను సెకన్లు ఊరుకుంటుంది. ఈలోగా ఆక్సిజన్ ఇంకా పడిపోయి, ఉలిక్కిపడినట్టు నాలుగైదు పెద్ద ఊపిర్లు, మళ్లీ ఆగడం. మీ పక్కింటామె చూసింది ఇదే అయ్యుంటుంది. ఆరోగ్యవంతులకూ వస్తుంది, దానంతట అది ప్రాణం మీదికి తేదు. పక్కన పడుకున్నవాళ్లకు మాత్రం నిద్ర ఎలా పడుతుంది లెండి!

ఈ లెక్కను మెలటోనిన్ సరిచేయదు. ఊపిరిని పెద్దగా అణచదు కూడా. అయితే 10 మిల్లీగ్రాములంటే పెద్ద మోతాదు, కొందరికి మర్నాడు కూడా మత్తు వదలదు. గుర్రాలూ డోలీలూ తోసుకుపోయే ఆ దారిలో మత్తు కళ్లతో నడుస్తారా?

నాకు భయమంతా మీ ఆయన సగం మాత్ర గురించే. అల్‌ప్రాజోలం ఊపిరిని మందగింపజేస్తుంది, అంత ఎత్తున అది మంచిది కాదు. అలాగని ఏళ్లుగా వాడుతున్నది టక్కున మానేస్తే వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. ఇంకా నెల ఉంది కాబట్టి ఈ వారమే రాసిచ్చిన డాక్టరు దగ్గరికి పోండి.

ఎత్తు ఎక్కేవాళ్లకు ఇచ్చే డయామాక్స్ (ఎసిటజోలమైడ్) అనే మాత్ర గురించి అప్పుడే అడగండి. అది మూత్రంలో బైకార్బనేట్ అనే క్షారాన్ని పోగొట్టి రక్తాన్ని కాస్త ఆమ్లం వైపు తిప్పుతుంది, అది ఊపిరి తీయమని మెదడును తడుతుంది కాబట్టి రాత్రి ఊపిరి తెగడం చాలావరకు తగ్గుతుంది. మామూలుగా 125 మిల్లీగ్రాములు రెండు పూటలా, ఎక్కే ముందురోజు నుంచి ఇస్తారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చలిలో ఒంటేలుకు మాటిమాటికీ లేవాలి. సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పండి. హెలికాప్టర్‌లో కొద్ది నిమిషాల్లో పైకి చేరి అక్కడే పడుకునే కన్నా, దర్శనం చేసుకుని దిగి కింద పడుకోవడం మేలు.

తల సంగతి అడిగారు. ఎత్తుకు ఎవరికైనా బుర్ర కాస్త నెమ్మదిస్తుంది, చిల్లర లెక్క తప్పుతుంది. కానీ మాట పొంతన తప్పినా, తాగినట్టు అడుగు తూలినా మెదడు వాచిందేమోనని అనుమానించాలి. నిద్ర చాలకో, మాత్ర మత్తుకో అనుకుని పడుకోబెట్టకండి. ఆక్సిజన్ పెట్టించి వెంటనే కిందికి దింపాలి. మత్తు మాత్రలు వద్దనడానికి ఇదీ ఒక కారణమే, ఏది మందు మత్తో ఏది జబ్బో అక్కడ తేల్చేదెవరు?

మీ ఆయన బీపీ మాత్రల పేర్లు రాయలేదు. వాటిలో నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) కలిసి ఉంటే డయామాక్స్‌తో పొటాషియం పడిపోవచ్చు. డాక్టరు దగ్గరికి ఆ అట్టలు కూడా పట్టుకుపోండి.