అరచేతిలో ముడి, అరికాల్లో గడ్డ: కోయించాలా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మాది అనంతపురం, చాలాకాలంగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. షుగర్ ఉంది. ఏడాది నుంచి కుడి అరచేతిలో ఉంగరం వేలి కింద శనగగింజంత గట్టిగా తగులుతోంది, ఆ వేలు పూర్తిగా చాచలేకపోతున్నాను. ఇప్పుడు ఎడమ అరికాలి వంపులో గోలీకాయంత గడ్డ వచ్చింది. ఆనెకాయ అనుకుని పట్టీ వేశాను, తగ్గలేదు. ఒక డాక్టరు రెండూ వెంటనే కోసి తీసేయాలన్నారు. క్యాన్సరేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ పట్టీ ఆపేయండి. ఆనెకాయ పట్టీల్లో చాలావాటిలో సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది, అది చర్మాన్ని తినేస్తుంది, షుగర్ ఉన్న కాలికి దానివల్ల పుండు పడితే మానడం కష్టం. బ్లేడుతో గీకడం అసలు వద్దు. ఆనెకాయ చర్మం పైన, ఒత్తిడి పడే చోట కాస్తుంది. మీరు చెప్పిన గడ్డ చర్మం కింద, నేలకు ఆనని వంపులో ఉంది.

మీరు రాసినదాన్ని బట్టి చేతిలోది డుప్యుట్రెన్ అనే జబ్బు, కాలిలోది లెడర్‌హోస్ అనే జబ్బు అనిపిస్తోంది. రెండూ ఒకే కుటుంబానివి, క్యాన్సర్ కావు. చర్మానికీ నరాలకీ మధ్య గట్టి పొర ఒకటి ఉంటుంది, దానిలో పీచు పెరిగి ముడులు పడుతుంది, చేతిలో అయితే ఆ ముడే తాడులా సాగి వేలిని లోపలికి లాగుతుంది. ఇది వంశంలో వస్తుంది, షుగర్, పొగ, మద్యం ఉన్నవాళ్లలో ఎక్కువ. బరువులు మోయడం వల్లే వచ్చిందని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. షుగర్ ఉన్నవాళ్లకు వేలు టక్కుమని పట్టేసే ట్రిగ్గర్ ఫింగర్ కూడా వస్తుంది, కానీ అది రెండో చేత్తో లాగితే సాగుతుంది, ఇది సాగదు. నూనె మర్దనాకూ సాగదు.

ఇప్పుడు అరచేతిని టేబుల్ మీద బోర్లా పెట్టండి. చేయి మొత్తం బల్లకు ఆనితే ఆగి చూడొచ్చు. వేలి కింద సందు కనిపిస్తే, ముఖం కడుక్కుంటుంటే ఆ వేలు కంట్లో గుచ్చుకుంటుంటే, జేబులో చేయి దూరకపోతే, చేతి సర్జరీ చేసే ఆర్థోపెడిక్ లేదా ప్లాస్టిక్ సర్జన్‌ను కలవండి. అరచేతి దగ్గరి కీలు దాదాపు 30 డిగ్రీలు వంగితే చికిత్స గురించి ఆలోచిస్తారు. వేలి మధ్య కీలు వంగడం మొదలైతే అంత కూడా ఆగకూడదు, అది బిగుసుకుపోతే ఆపరేషన్ చేసినా పూర్తిగా చాపడం కష్టం. సూదితో తాడును తెంచే పద్ధతీ ఉంది, పొరను కోసి తీసే ఆపరేషనూ ఉంది. సూదితో త్వరగా కోలుకుంటారు గానీ మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.

పాదం సంగతి వేరు. అక్కడ కాలి వేళ్లు సాధారణంగా వంగవు, నిలబడితే నొప్పి మాత్రం ఉంటుంది. గడ్డ ఒక్కటే గిల్లినట్టు తీస్తే చాలామందికి మళ్లీ వస్తుంది, మచ్చ మీద నడవడం ఇంకా బాధ, పైగా షుగర్. అందుకే కత్తి దగ్గరికి వెళ్లేముందు మెత్తటి సోల్ వేసుకుని, గడ్డ ఆనే చోట ఆ సోల్‌కు గుండ్రంగా గుంట తీయించుకోండి. ఉత్తకాళ్లతో ఇంట్లో కూడా తిరగకండి.

నేను చూడకుండా ఖాయంగా చెప్పలేను కాబట్టి కాలికి అల్ట్రాసౌండ్ చేయించండి. గడ్డ త్వరగా పెరుగుతున్నా, రాత్రిళ్లు నొప్పి పెడుతున్నా ఈ వారమే వెళ్లండి. మీకు శివాజీనగర్ బౌరింగ్ ఆసుపత్రి ఆర్థో ఓపీ కూడా ఉంది. వెళ్లేటప్పుడు తాజా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టు, చేతిని టేబుల్ మీద పెట్టి పక్క నుంచి తీసిన ఫొటో తీసుకెళ్లండి. మూడు నెలలకోసారి అదే ఫొటో తీస్తుంటే వేలు ఎంత వంగిందో మీకే తెలుస్తుంది.