అత్తమామలతో ఒక్కరోజు ట్రిప్: స్టార్వ్‌డ్ రాకా, మాథీసెనా?

చికాగో నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావాలి, మామగారికి మోకాళ్ళ నొప్పులు, రెండిట్లో ఏది నయం అని అడిగారు కదా. నా ఓటు మాథీసెన్‌కే. రెండూ ఇలినాయ్ స్టేట్ పార్కులే, పక్కపక్కనే, రెండిటికీ టికెట్ లేదు. కానీ వీకెండ్‌లో స్టార్వ్‌డ్ రాక్ దగ్గర పార్కింగ్ దొరికేసరికే ఓపిక అయిపోతుంది.

మాథీసెన్‌లో డెల్స్ ఏరియా అని బోర్డున్న వైపు వెళ్ళండి. పార్కింగ్ పక్కనున్న చెక్కకోట దాటగానే మెట్లు మొదలవుతాయి. దిగడం పర్వాలేదు, ఎక్కేటప్పుడే ఆయాసం. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు నాన్న వంతెన దాకా వచ్చి, "ఇక మీరెళ్ళి రండి" అనేశారు. అక్కడినుంచి కూడా లోయ కనిపిస్తుంది కాబట్టి ఆయనకేం వెలితి అనిపించలేదు. అమ్మ మాత్రం కుచ్చిళ్ళు ఎగదోపి, స్పోర్ట్స్ షూస్‌తో మాకన్నా ముందే కిందికి దిగిపోయింది.

అసలు అందమంతా కిందే ఉంది. రెండు పక్కలా నిలువెత్తు ఇసుకరాతి గోడలు, మధ్యలో వాగు, చివర 45 అడుగుల కాస్కేడ్ ఫాల్స్. రాతిలోంచి ఊరే ఖనిజాల నీళ్ళకి గోడల మీద పసుపు, నారింజ, గోధుమరంగు చారలు, వాటి మధ్య నాచు, ఫెర్న్ మొక్కలు. రాయి ఎంత మెత్తనంటే, చెయ్యి ఆనిస్తే వేళ్ళకి ఇసుక అంటుకుంటుంది. అందుకే వాగు ఇంత లోతుగా కోసేసింది. అందుకే కనిపించిన చోటల్లా పేర్లు చెక్కేశారు కూడా, ఏం ఆనందమో! ఇదంతా ఒకప్పుడు జింకు వ్యాపారి ఫ్రెడరిక్ మాథీసెన్ సొంత తోట. ఆయన వారసులు 1943లో ఇలినాయ్ రాష్ట్రానికి ఇచ్చేశారు.

వానలు పడ్డ రెండు మూడు రోజులకి వెళ్తే జలపాతం బాగుంటుంది, ఎండాకాలం చివర్లో సన్నటి ధారే. కుండపోత పడ్డ రోజు మాత్రం వద్దు, రాళ్ళు పాచిపట్టి జారతాయి. వాగులో రాళ్ళ మీదుగా దాటాలి కాబట్టి చెప్పులు వద్దు, ఇంకో జత సాక్సు పెట్టుకోండి. ఈత కొట్టనివ్వరు. బయల్దేరేముందు పార్క్ వెబ్‌సైట్‌లో ఏ దారులు మూసేశారో చూసుకోండి.

పులిహోర ఇంట్లోనే కట్టుకెళ్ళండి. తిరుగు ప్రయాణంలో ఐ-39 హైవే ఎక్కి ఐ-88 మీదుగా వస్తే అరోరా బాలాజీ గుడి దారిలోనే. అత్తగారికి అదే అసలు ట్రిప్ అయినా ఆశ్చర్యం లేదు.