లాకెట్ దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి,

హారీ పాటర్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఏడు పుస్తకాల కథనీ వరసగా చెప్పుకుంటూ పోయి, మధ్యమధ్యలో 'అద్భుతం' అని ముద్ర వేశావు. పుస్తకాలు చదివినవాళ్లకి అది తెలిసిన కథే. చదవనివాళ్లకేమో ముందే గుట్టు విప్పేశావు. నీ ఇష్టం మీద నాకేం అనుమానం లేదు. కానీ అది ఎంతుందో చెబితే పాఠకుడికి అంటదు, ఏ పేజీలో పుట్టిందో చూపిస్తేనే అంటుతుంది.

అందుకని సిరీస్ మొత్తాన్నీ నెత్తికెత్తుకోకు. ఒక్క వస్తువు పట్టుకో. ఐదో పుస్తకంలో (2003) హారీ తండ్రి స్నేహితుడు సిరియస్ వాళ్ల పాత ఇల్లు శుభ్రం చేసే ఘట్టం ఉంది కదా, అక్కడికి వెళ్లు. అల్మరాలోంచి తీసి పారేస్తున్న సామాన్ల జాబితాలో, ఎవరికీ తెరుచుకోని బరువైన లాకెట్ ఒకటి కనిపిస్తుంది. వాక్యంలో చిన్న ముక్క, అంతే. దానికి సరిగ్గా ముందు, వినేవాళ్లకి నిద్ర ముంచుకొచ్చేలా చేసే సంగీతపు పెట్టె ఉంటుంది. చదివేవాడి ధ్యాసంతా దాని మీదే. ఆరో పుస్తకం (2005) చివర్లో నకిలీ లాకెట్ బయటపడ్డాక, ఏడో పుస్తకంలో (2007) గానీ ఆ పాత జాబితాలోదే అసలు లాకెట్ అని తెలియదు. రచయిత్రి దాన్ని చీకట్లో దాచలేదు, పక్కన అంతకంటే మెరిసేదాన్ని పెట్టి మన కళ్లెదుటే దాచింది. ఏడు వందల మాటల వ్యాసానికి ఈ ఒక్క కిటుకు చాలు.

ఇలాంటివి పట్టాలంటే రెండోసారి చదివేటప్పుడు నోటుబుక్కు దగ్గరుండాలి. వస్తువుకో పేజీ కేటాయించు. అది కనిపించిన ప్రతిచోటా పుస్తకం, అధ్యాయం, ఎవరి చేతిలో ఉంది, దాని పక్కన ఏముంది, ఈ నాలుగూ రాసుకో. పేజీ నంబరు నమ్ముకోకు, ఎడిషన్‌కో రకంగా మారుతుంది.

మారేది నంబర్లే కాదు, కథ కూడా. నాలుగో పుస్తకంలో (2000) శ్మశానం ఘట్టంలో, విలన్ వోల్డెమార్ట్ మంత్రదండం చంపినవాళ్ల నీడలు వెనకనుంచి ముందుకు వరసగా బయటికొస్తాయి. హారీ తండ్రి తర్వాత తల్లి చనిపోయింది కాబట్టి ముందు తల్లి రావాలి. మొదటి ముద్రణల్లో తండ్రి ముందొచ్చాడు. తర్వాతి ముద్రణల్లో దిద్దారు. పాత ప్రతి దగ్గర పెట్టుకుని ఆ తేడా మీద గూఢార్థాల సిద్ధాంతం కట్టావనుకో, మొత్తం కూలిపోతుంది. అభిమానులకి ఇదో జబ్బు: రచయిత పొరపాటు చేశాడంటే ఒప్పుకోలేక, దానికీ ఓ రహస్యం అంటగడతారు. ఒక వివరం ముందుచూపుతో పెట్టిందా కాదా అని అనుమానం వస్తే, అది తీసేస్తే తర్వాతి కథ ఎక్కడైనా తెగుతుందా చూడు. తెగకపోతే ఊరుకో.

వరస గురించి ఇంకో మాట, ఎందుకంటే నీ వ్యాసంలో ఇదే దెబ్బతింది. సి.ఎస్. లూయిస్ రాసిన నార్నియా సిరీస్ తొలి పుస్తకంలో (1950) చిన్నపిల్ల బట్టల బీరువాలోంచి మంచు అడవిలోకి అడుగుపెడితే, చెట్ల మధ్య ఒక వీధిదీపం వెలుగుతూ ఉంటుంది. అడవిలో దీపస్తంభమేంటి? జవాబు 1955లో వచ్చిన పుస్తకంలో ఉంది. కథాకాలం ప్రకారం అదే మొదటిది, ఇప్పటి సెట్లలో చాలావాటి మీద నంబర్లు కూడా అలాగే వేస్తున్నారు. 1957లో ఒక పిల్లవాడికి రాసిన ఉత్తరంలో లూయిస్ కూడా ఆ వరసకే మొగ్గాడు. అయినా నా ఓటు ప్రచురణ వరసకే. జవాబు ముందే తెలిసినవాడికి ఆ దీపం ఉత్త దీపమే. నువ్వు రాసేటప్పుడూ పాఠకుణ్ణి ముందు ఆ అడవిలో నిలబెట్టు, ఆ తర్వాతే దీపం సంగతి చెప్పు.

ఇక కొలతలు. కథాసారాంశం ఏడింట ఒక వంతు దాటనివ్వకు. పుస్తకంలోంచి ఎత్తి రాసేవి రెండు మూడు చోట్ల, చోటుకి రెండు వాక్యాలకి మించకుండా. ఎన్నో పుస్తకం దాకా గుట్టు విప్పుతున్నావో మొదటి పేరాలోనే చెప్పెయ్. నచ్చనిది ఒక్కటైనా కారణంతో సహా రాయి, అప్పుడే మెచ్చుకోలుకి బరువొస్తుంది. 'పిల్లల పుస్తకమే అయినా' అన్న మాట మాత్రం కొట్టెయ్. పదేళ్ల పిల్ల తనంతట తను ఏడు పుస్తకాలు పూర్తి చేసేలా రాయడం పెద్దల నవలకంటే తేలికని ఎవరన్నారు?

లాకెట్ వద్దనుకుంటే మాయమయ్యే అల్మరా తీసుకో. రెండో పుస్తకంలో పగులుతుంది, ఐదులో ఒకణ్ణి మింగుతుంది, ఆరులో శత్రువులకి దారి ఇస్తుంది. ముందు నోటుబుక్కు పేజీ పంపు, వ్యాసం తర్వాత.