టెక్ సందేహాలు: స్కాన్ నున్నగా చేస్తే గడ్డ బాగా కనపడుతుందా?

మద్దిలపాలెం నుంచి బీటెక్ ఫైనలియర్ చెల్లి అడిగింది: "అన్నా, బ్రెస్ట్ అల్ట్రాసౌండ్ ఇమేజెస్ మీద ప్రాజెక్ట్ చేస్తున్నాం. అన్నీ చుక్కచుక్కలుగా ఉన్నాయని పెద్ద మీడియన్ ఫిల్టర్ (చుట్టుపక్కల చుక్కల మధ్య విలువ తీసుకుని నున్నగా చేసేది) వేశాం, భలే క్లీన్‌గా వచ్చాయి. కానీ ఏఐ మోడల్ క్యాన్సర్ గడ్డకీ మామూలు గడ్డకీ తేడా పట్టట్లేదు."

చెల్లీ, ఆ చుక్కలు దుమ్ము కాదమ్మా. ప్రోబ్ పంపిన సౌండు లోపల సన్న సన్న కణజాలానికి తగిలి వెనక్కొచ్చేటప్పుడు ఆ ఎకోలు కొన్నిచోట్ల కలిసి బలపడతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అదే స్పెకిల్. ఆర్కే బీచ్‌లో రాళ్ళకి కొట్టుకుని తిరిగొచ్చే అల ఎదురొచ్చే అలతో కలిసి ఒకచోట లేచి ఒకచోట చదునైపోతుంది చూడు, అచ్చం అలాగే. నువ్వేసిన ఫిల్టర్ దాంతోపాటు గడ్డ అంచుని కూడా తుడిచేసింది, డాక్టర్ చూసేదే ఆ అంచు కదా! ముళ్ళలా బయటికి పొడుచుకొచ్చిన సన్న గీతలుంటే అనుమానం, అవి పోయాక మోడల్ మాత్రం ఏం చూస్తుంది? అంచుల్ని వదిలేసి లోపల మాత్రమే సాఫీ చేసే ఎస్‌రాడ్ ఫిల్టర్ 2002 నుంచే ఉంది, అది కొద్దిగా వెయ్, ఒరిజినల్ ఇమేజ్‌ని కూడా మోడల్‌కి పక్కనే ఇంకో చానెల్‌గా ఇవ్వు.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. పొడుగూ వెడల్పూ చూడకుండా అన్నిటినీ 224 బై 224 పిక్సెల్స్ చదరానికి నొక్కేస్తారు, వెడల్పు ఇమేజ్ అయితే అప్పుడు అడ్డంగా ఉన్న గడ్డ నిలువుగా తయారవ్వొచ్చు, నిలువుగా ఉండడమేమో క్యాన్సర్ అనుమానానికి పెద్ద గుర్తు!! అంచుల్లో నల్లటి ప్యాడింగ్ పెట్టి సైజు మార్చు. గడ్డ వరకే క్రాప్ చెయ్యకు, కింద పడే నల్లటి నీడ పోతుంది, నీళ్ళ తిత్తి అయితే కింద తెల్లగా వెలుగొస్తుంది, అదీ పోతుంది. తలకిందులు ఫ్లిప్ అసలొద్దు, నీడ గడ్డ పైకి వచ్చేస్తుంది, కుడిఎడమలు పర్లేదు.

మీరు వాడే డేటా బుసి (అందరికీ దొరికే బ్రెస్ట్ అల్ట్రాసౌండ్ ఇమేజెస్ సెట్) అయితే, కైరోలో 2018లో 600 మంది ఆడవాళ్ళ దగ్గర తీసిన 780 ఇమేజెస్ అవి, 437 మామూలు గడ్డలు, 210 క్యాన్సర్, 133 గడ్డ లేనివి. అందులో డూప్లికేట్లు ఉన్నాయి, కొన్నిటి మీద కొలత గుర్తులు కూడా ఉన్నాయి. ముందు అవి ఏరి పారెయ్, లేకపోతే ఒకే ఇమేజ్ ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ పడి నీకొచ్చే పర్సంటేజ్‌కి అర్థం ఉండదు.

గాజువాక నుంచి ఒకామె: "అమ్మ బ్రెస్ట్ స్కాన్ రిపోర్టులో బైరాడ్స్ (క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే స్కోరు) 4 అని ఉంది. ఫిల్మ్ ఫోటో తీసి ఏఐ యాప్‌లో పెడితే చెప్తుందా?"

వద్దండీ. ఫోన్ ఫోటోలో లైటు మెరుపు పడుతుంది, వాట్సాప్‌లో పంపితే ఇంకా నలిగిపోతుంది. 4 అంటే క్యాన్సర్ అని తేల్చేసినట్టు కాదు, క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం నుంచి 95 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు, తేల్చేది బయాప్సీనే (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష). స్కాన్ సెంటర్లో డైకామ్ ఫైళ్ళు (మెషిన్ నుంచి వచ్చే అసలు ఇమేజ్ ఫైళ్ళు) సీడీలో అడిగి తీసుకోండి, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ మీకు దగ్గరే, అమ్మని ఈ వారమే తీసుకెళ్ళండి, పాత రిపోర్టులు ఉంటే అవి కూడా పట్టుకెళ్ళండి.