సీసం సగంలోనే ఊపిరి అయిపోతోంది

ప్రశ్న: పద్యనాటకాల్లో వేషాలు వేస్తుంటాను. వయసు 42. సీసపద్యం పాదం పూర్తికాకముందే ఊపిరి అయిపోతోంది. చివర రాగం తీస్తే గొంతు జీరపోతోంది. పొద్దున లేవగానే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. మిరియాల పాలు తాగుతున్నా గుణం లేదు. ఏం తింటే దమ్ము పెరుగుతుంది?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: దమ్ము పెంచే తిండంటూ ఏదీ లేదండీ. పాడేవాళ్లలో చాలామందికి గాలి తక్కువై కాదు, పద్యం ఎత్తుకోగానే సగం వదిలేయడం వల్ల చాలదు. అద్దం ముందు పాడి చూసుకోండి. పీల్చేటప్పుడు భుజాలు లేస్తుంటే తప్పు అక్కడుంది. వెల్లకిలా పడుకుని పొట్ట మీద పుస్తకం పెట్టుకోండి. ముక్కుతో పీలిస్తే పుస్తకం లేవాలి. తర్వాత పళ్ల సందున 'స్‌స్‌' అంటూ సన్నగా, ఒకే తీరుగా వదలండి. మొదట 12 సెకన్లు వస్తే చాలు. రోజూ ఐదుసార్లు చేస్తూ మెల్లగా 20కి తీసుకెళ్లండి. తల తిరిగితే ఆపేయండి. ఆ పట్టు చిక్కాక మొదటి సరళీవరుసను, అంటే సంగీతంలో తొలి పాఠమైన 'స రి గ మ ప ద ని స'ను, 'ఆ' అంటూ సెకనుకో స్వరం చొప్పున పాడండి. ఆరోహణకు (పైకి ఎక్కడానికి) ఒక ఊపిరి, అవరోహణకు (కిందికి దిగడానికి) ఒకటి. నిలకడ వచ్చాక రెండూ కలిపి ఒకే ఊపిరిలో, అంటే 16 సెకన్లు.

సీసపాదంలో ఎనిమిది గణాలు (అక్షరాల గుంపులు). నాలుగో గణం తర్వాత పాదం రెండుగా విరుగుతుంది. ఊపిరి అక్కడ తీసుకోండి, కానీ నిండా కుక్కకండి. ఎక్కువైన గాలిని ఆపడానికి గొంతు బిగుసుకుంటుంది, జీర అక్కడే మొదలవుతుంది. హార్మోనియం ఆయన్ని అర శ్రుతి దించమనండి. వన్స్‌మోర్‌ల కోసం ఎత్తు శ్రుతికి ఎగబడి మంచి గొంతులు పాడవుతున్నాయి. వేదికెక్కే ముందు కొబ్బరిబొండాం స్ట్రాను గ్లాసు నీళ్లలో రెండు సెంటీమీటర్లు ముంచి, 'ఊ' అంటూ కింది స్వరం నుంచి పైకి జారుతూ మూడు నిమిషాలు బుడగలు తెప్పించండి. గొంతును అలవకుండా వేడెక్కించడానికి ఇది చాలా మంచి పద్ధతి.

పొద్దుటి అడ్డం చాలాసార్లు కఫం కాదు, రాత్రి పొట్టలోంచి పైకి తన్నే పులుపు. నాటకం అయ్యాక అర్ధరాత్రి చేపల పులుసు, ఆవకాయతో కడుపారా తిని వెంటనే పడుకుంటే అంతే. ఆరున్నరకే పప్పన్నం తినేయండి, నాటకం తర్వాత తేలిగ్గా రెండు ఇడ్లీలతో సరిపెట్టండి. పడకకూ కడుపునిండా తినే తిండికీ మూడు గంటల ఎడం ఉండాలి. మిరియాల పాలు హాయినిస్తాయి గానీ, మింగింది ఆహారనాళంలోకి పోతుంది, స్వరతంత్రులను తాకదు. అందుకే నీళ్లు వేదిక మీద కాదు, పొద్దుట్నుంచీ కొద్దికొద్దిగా తాగాలి. ఖైనీ, సిగరెట్టు ఉంటే ఈరోజే మానండి. గొంతు సవరించుకోవాలనిపిస్తే ఓ గుక్క నీళ్లు మింగండి. జీర మూడు వారాలు దాటినా, మింగితే నొప్పి వేసినా ఈఎన్‌టీ వైద్యుడికి చూపించండి. మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే ముందు గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు చేయించండి.

ప్రశ్న: మా బాబుకు 13 ఏళ్లు. గొంతు మారుతోంది. సంగీతం మాన్పించాలా?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: వద్దమ్మా. శ్రుతి దించి, రోజుకు అరగంట మధ్యస్థాయిలోనే పాడించండి. తారస్థాయి (పై స్వరాల) కోసం అరిపించకండి, పోటీలకు ఈ ఏడాది పంపకండి.