ఎర్ర దీపానికి రెండు కొసలు

చిరంజీవి మేనకోడలికి మావయ్య దీవెనలు.

నీ 1972 ఎంజీబీ కారులో ఇగ్నిషన్ లైటు, అదే ఛార్జింగ్ సంగతి చెప్పే ఎర్ర దీపం, బండి నడుస్తుండగా సన్నగా వెలుగుతోందనీ, రాత్రి హెడ్‌లైట్లు వేస్తే ఇంకాస్త ఎర్రబడుతోందనీ రాశావు. అక్కడి మెకానిక్ ఆల్టర్నేటర్, అంటే ఇంజను తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం, మార్చేయమన్నాడన్నావు. కాస్త ఆగు తల్లీ. ఆ డబ్బు పెట్టే ముందు ఒక మల్టీమీటరు, ఒక గంట టైము పెట్టు. నువ్వు చెప్పిన లక్షణాన్ని బట్టి ఆల్టర్నేటర్ బాగానే ఉండే అవకాశమే ఎక్కువ.

ముందు ఆ బల్బు సంగతి అర్థం చేసుకో. ఆల్టర్నేటర్ బాగుందా చెడిందా అన్నది దానికి తెలియదు. దాని ఒక కొసకి తాళం స్విచ్ నుంచి తెల్ల వైరు వస్తుంది. రెండో కొస నుంచి గోధుమరంగు మీద పసుపు చార ఉన్న సన్న వైరు ఆల్టర్నేటర్ వెనకాల చిన్న టెర్మినల్‌కి పోతుంది. తాళం తిప్పి ఇంజను స్టార్ట్ చేయకముందు తెల్ల వైరులో 12 వోల్టులు ఉంటాయి, అవతలి కొస ఆల్టర్నేటర్ లోపల తిరిగే తీగచుట్ట (రోటర్) గుండా ఎర్త్‌కి, అంటే బండి బాడీకి, చేరుతుంది. అందుకే వెలుగుతుంది. ఇంజను తిరగ్గానే ఆల్టర్నేటర్ రెండు కొసలనీ 14 వోల్టులకి లేపుతుంది. త్రాసులో రెండు పళ్లేలూ సమమైనట్టు, ఇక కరెంటు పారదు, దీపం ఆరిపోతుంది. సన్నటి వెలుగు మిగిలిందంటే రెండు కొసల మధ్య ఒకటి రెండు వోల్టుల తేడా ఉందన్నమాట. తగ్గింది ఏ కొస అన్నది బల్బు చెప్పలేదు, మీటరు చెబుతుంది.

పని ఇలా మొదలుపెట్టు. ఫ్యాన్ బెల్టుని పొడుగు వైపు మధ్యలో బొటనవేలితో నొక్కు. అర అంగుళం దిగాలి. అంతకంటే ఎక్కువ దిగితే ముందు బెల్టు బిగించు. తర్వాత జుట్టు ముడేసుకుని, చున్నీ తీసి పక్కన పెట్టి, ఇంజను స్టార్ట్ చెయ్యి. ఎవరినైనా కూర్చోబెట్టి రెండు వేల ఆర్పీఎం దగ్గర పట్టమను. హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యాను వెయ్యి. మీటరు 20 వోల్టుల డీసీ మీద ఉండాలి. ఎర్ర ముల్లు గోధుమ-పసుపు వైరు మీద, నల్ల ముల్లు ఫ్యూజు బాక్సులో తెల్ల వైర్లు చేరే టెర్మినల్ మీద పెట్టు. ఆల్టర్నేటర్ ప్లగ్గు ఊడదీయకుండా, దాని వెనక నుంచి వైరు పక్కగా సన్నటి పిన్ను దూరిస్తే ముల్లు అందుతుంది. పక్కనున్న లావు గోధుమ వైరుకి ఆ పిన్ను తగలకుండా చూసుకో, అందులో బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది.

మీటరు ప్లస్‌లో ఒకటి, ఒకటిన్నర చూపిస్తే తెల్ల వైరు వైపు వోల్టేజి పడిపోతోంది. ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది. మైనస్‌లో చూపిస్తే గోధుమ-పసుపు కొసే తక్కువగా ఉంది, అప్పుడు ఆల్టర్నేటర్ లోపలి చిన్న ఫీల్డ్ డయోడ్లని (కరెంటుని ఒకే వైపు పోనిచ్చే భాగాలు, ఇవి రోటర్‌కీ ఈ వైరుకీ కరెంటు ఇస్తాయి) అనుమానించాలి. హెడ్‌లైట్లు వేస్తే వెలుగు పెరుగుతోందన్నావు కాబట్టి నీకు ప్లస్ వస్తుందని నా లెక్క. ఆల్టర్నేటర్ నుంచి లోపలికి వచ్చే గోధుమ వైరు దారిలో ఎక్కడో కాంటాక్టు తుప్పుపట్టింది. లోడు పెరిగేకొద్దీ అక్కడ పోయే వోల్టులూ పెరుగుతాయి.

ఆ చోటు పట్టుకోవడానికి ఎర్ర ముల్లుని ఈసారి ఆల్టర్నేటర్ లావు గోధుమ టెర్మినల్ మీదకి మార్చి అక్కడే ఉంచి, నల్ల ముల్లుని ఒక్కో మెట్టు లోపలికి జరుపుకుంటూ పో. మొదట సెల్ఫ్ మోటారు సొలెనాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) మీద బ్యాటరీ కేబుల్ బోల్టు. తర్వాత ఫ్యూజు బాక్సులో గోధుమ వైరు. చివరికి ఫ్యూజు బాక్సులో తెల్ల వైరు. మొదటి రెండింటి దగ్గర 0.3 వోల్టు లోపు, చివర 0.5 లోపు ఉంటే ఈ వయసు బండికి బాగున్నట్టే. అంకె ఎక్కడ ఒక్కసారిగా ఎగిరితే ఆ మెట్టుకీ దాని ముందు మెట్టుకీ మధ్య ఉంది రోగం. గోధుమ దాకా బాగుండి తెల్ల దగ్గర ఎగిరితే తాళం స్విచ్చో, దాని వెనకాల ప్లగ్గో. ప్లగ్గుని చేత్తో పట్టుకుని కదిపి చూడు, లైటు మినుకుమంటే దొరికినట్టే.

శుభ్రం చేసేటప్పుడు ముందు బ్యాటరీ ఎర్త్ కేబుల్ తీసెయ్యి. నీ బండిలో సీట్ల వెనక మూత కింద 6 వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి, ఆ రెండింటినీ కలిపే కేబుల్ కొసలు కూడా అప్పుడే విప్పి తోము. వైరింగులో నల్ల రబ్బరు తొడుగుల్లో ఉండే బులెట్ కనెక్టర్లని (తూటాలాంటి కొసలతో వైర్లని కలిపే అతుకులు) లాగి చూస్తే లోపలి ఇత్తడి నల్లగానో, పచ్చగానో కనిపిస్తుంది. బులెట్‌ని సన్న ఎమరీతో మెరిసేదాకా రుద్ది, తొడుగు మాత్రం కొత్తది వెయ్యి. పాత తొడుగు లోపల రుద్దడం కుదరదు, దాని పట్టు కూడా వదులైపోయి ఉంటుంది. పైన కాస్త వాజిలిన్ రాయి. ఫ్యూజు బాక్సులో పైకి కనిపించే క్లిప్పులు మెరుస్తున్నాయని మోసపోకు. క్లిప్పుని వెనక టెర్మినల్‌తో కలిపే రివెట్ దగ్గర తుప్పు దాక్కుంటుంది. లోడు ఉన్నప్పుడు ఫ్యూజు ఇటువైపు టెర్మినల్ నుంచి అటువైపు టెర్మినల్‌కి మీటరు పెట్టు. 0.1 వోల్టు దాటితే బాక్సే మార్చెయ్యి, అది పెద్ద ఖర్చేం కాదు.

ఫ్యూజుల దగ్గర ఇంకో మాట. నీ బండి కరెంటు సామాను చేసిన లూకస్ కంపెనీ వాళ్ల గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది 35 ఆంపియర్ల దగ్గర కాలిపోతుందని అర్థం, నిరంతరం మోసేది 17 మాత్రమే. వేరే దేశాల లెక్కలో 35 అని ఉన్నది నిరంతరం 35 మోస్తుంది, దాన్ని వేస్తే ఫ్యూజుకి ముందే వైరు కాలుతుంది. ఈ తప్పు పాత బండ్లని నిజంగా తగలబెడుతుంది. బాక్సు తెరిచినప్పుడు ఒక్కొక్కటీ తీసి చూడు.

తాళం తిప్పినా లైటు అసలు వెలగకపోతే దారి వేరు. ఇంజను ఆపి, ఆల్టర్నేటర్ ప్లగ్గు ఊడదీసి, తాళం ఆన్ చేసి, గోధుమ-పసుపు వైరుని మాత్రం ఎర్త్‌కి తాకించు. లైటు వెలిగితే బల్బూ వైరూ బాగున్నట్టు, ఆల్టర్నేటర్‌లో రోటర్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. బయటికి 5 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే మార్చాలి. ఆ బ్రష్‌లు రాసుకునే స్లిప్ రింగుల మధ్య రోటర్ 3 నుంచి 4.5 ఓమ్‌లు చూపించాలి. వెలగకపోతే బల్బు చూడు. అది 12 వోల్టుల 2.2 వాట్ల బల్బే అయి ఉండాలి. ఆల్టర్నేటర్ ఛార్జింగ్ మొదలవడానికి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది, సుమారు 0.18 ఆంపియర్. అందం కోసం అక్కడ ఎల్ఈడీ వేస్తే అంత కరెంటు పారదు, ఛార్జింగే మొదలవకపోవచ్చు. వేసి తీరాలనుకుంటే దానికి పారలల్‌గా 68 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ కలుపు. నన్నడిగితే మామూలు బల్బే ఉంచు.

ఇంజను తిరుగుతున్నా లైటు నిండుగా వెలుగుతుంటే బ్యాటరీ దగ్గర కొలువు. 14 నుంచి 14.5 ఉండాల్సిన చోట 12.5 ఉంటే ఛార్జింగ్ లేదు. ఇంజను ఆపి ప్లగ్గు తీసి, తాళం ఆన్ చేసినా లైటు వెలుగుతూనే ఉంటే గోధుమ-పసుపు వైరు ఎక్కడో బాడీకి షార్టయింది. ఆరిపోతే లోపం ఆల్టర్నేటర్‌దే. విప్పే ముందు వెనక బిగించి ఉండే సర్జ్ డయోడ్ (ఒక్కసారిగా ఎగిరే వోల్టేజి నుంచి కాపాడేది) వైరు ఒక్కటి తీసి ప్రయత్నించు. అది షార్టయితే ఆల్టర్నేటర్ మొత్తం చచ్చినట్టే కనిపిస్తుంది, వైరు తీయగానే లేచి కూర్చుంటుంది. తాళం తీసేశాక కూడా లైటు వెలుగుతుంటే లోపల మెయిన్ డయోడ్ షార్టయింది, బ్యాటరీ రాత్రికి రాత్రి దిగిపోతుంది. ప్లగ్గు ఊడదీసి పడుకో.

ఒక పని మాత్రం ఎవరు చెప్పినా చేయకు. మన వైపు మెకానిక్‌లు, బండ్లలో ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉన్న రోజుల్లో, ఇంజను తిరుగుతుండగానే బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, ఇంజను ఆగకపోతే ఛార్జింగ్ ఉందనేవాళ్లు. ఆల్టర్నేటర్ మీద అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డయోడ్లు, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ కాలిపోతాయి. నీ బండి ఇంజను మన అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుకి అన్నలాంటిది, రెండూ బ్రిటన్‌లోని బీఎంసీ కంపెనీ బీ-సిరీస్ ఇంజన్లే. కానీ ఆ కిటుకు దీనికి పనికిరాదు.

ఇండికేటర్ వేస్తే సైడ్ లైటు కూడా దానితోపాటు కొట్టుకుంటోందన్నావు. అది ముందు దీపం ఎర్త్ వదులవడం, నల్ల వైరు బులెట్ తోమితే పోతుంది. బ్రేకు హెచ్చరిక లైటు ఎప్పుడైనా వెలిగితే మాత్రం వైరింగు జోలికి పోకుండా ముందు బ్రేకు ఆయిల్ మట్టం, బ్రేకు పెడల్ చూడు. అది తేలేదాకా బండి రోడ్డెక్కించకు.

ముందు ప్లస్సా మైనస్సా చెప్పు. తర్వాత సొలెనాయిడ్ దగ్గర, గోధుమ దగ్గర, తెల్ల దగ్గర వచ్చిన మూడు అంకెలు హెడ్‌లైట్లు వేసి ఒకసారి, ఆపి ఒకసారి రాసి పంపు. అవి చూశాక ఏం కొనాలో చెబుతాను.

ఇట్లు,
మావయ్య